గట్టు గీకిన చేతులు

ఈ ఏడు చలికాలం చివర్లో సత్యం ఫోన్ చేశాడు. ఒమాన్‌లో బర్కా దగ్గర నేను ఇరవై నాలుగేళ్లు పని చేసిన మజ్రాలో ఇప్పుడు అతనే ఫోర్‌మన్. మజ్రా అంటే అక్కడ తోట, పొలం, పశువుల కొట్టం, అన్నీ కలిపి ఒకే మాట. మా మజ్రాలో వీటన్నిటితోపాటు కంచె లోపల పెంచే దుప్పుల మంద కూడా ఉండేది.

"అన్నా, పడమటి గట్టు మీది పొదలన్ని కొట్టుమంటున్నడు మేనేజర్. ఎవలో పెద్దోళ్లు వస్తున్నరట, పైనుంచి వీడియో తీస్తరట. నున్నగ కనబడాల్నట."

"ఎప్పుడు?"

"ఐతారం పొద్దుగాల్ల షురూ చెయ్యాలె."

"దుప్పులకు పిల్లలు పడ్డయా?"

"పడ్డయన్నా. నాలుగు దుప్పులు ఆ పొదలల్లనే తిరుగుతున్నయి. నేనేం జెయ్యాలె?"

నాకు ఒళ్లు మండింది. ఏడేళ్ల క్రితం అదే గట్టు, అదే మేనేజర్, అదే మాట. అప్పుడు మిషన్ పట్టుకుని కొట్టింది నేనే. ఈసారి ఆ గట్టును ఆపగలిగే మాట ఒకటి నా దగ్గరే ఉంది. దాన్ని ఇన్నేళ్లూ దాచుకున్నాను. చెబితే గట్టు మిగులుతుంది, నా పేరు మిగలదు. చెప్పకపోతే నా పేరు బాగానే ఉంటుంది, ఆ నాలుగు దుప్పుల పిల్లలు ఉండవు. ఐతారానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ నాలుగు రోజుల్లో రాయడం మొదలుపెట్టిందే ఇది. మజ్రాల్లో పనికి పోయే మన పిల్లలు చదువుకుంటారని. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవే రెండు, రెండోసారి టోపీ రంగు ఒక్కటే మారింది.

తరిమే పనినుంచి పిలిచే పనికి

మాది జగిత్యాల వైపు. మొక్కజొన్న వేసేవాళ్లం. అడవి పక్క చేను కాబట్టి మంచె మీద కూర్చుని డబ్బా కొట్టి దుప్పులను తరమడమే నా చిన్నప్పటి ఉద్యోగం. ఎవరూ జీతం ఇవ్వలేదు. ఒమాన్ వెళ్లాక అదే దుప్పులను చేన్లోకి పిలిచే పని ఇచ్చారు, జీతం కూడా ఇచ్చారు. పైగా ఆ దుప్పులు కూడా మన దేశం జాతే. చుక్కల దుప్పులు. వాటి తాత ముత్తాతలను ఎప్పుడో తెచ్చారట. వాటికీ నాకూ ఒకటే తేడా. వాటి పాస్‌పోర్టు ఎవరూ లాక్కోలేదు.

మా అర్బాబ్, అంటే యజమాని, వేట ఇష్టపడే మనిషి. బయట తిరిగే అడవి జంతువు మీద చెయ్యి వేస్తే ఒమాన్‌లో జైలే. ఆయన వాటి జోలికి పోడు. కంచె లోపల పెంచిన మందలోంచి చలికాలంలో ఒకటి రెండు ముసలి పోతులను, అవీ కాగితాలన్నీ చూసుకుని, తనే మంచె మీద కూర్చుని కొట్టేవాడు. వాటి కోసం కంచె లోపల మూడు మేతమడులు ఉండేవి. గడ్డి, లూసర్న్ మేత వేసి నీళ్లు పెట్టేవాళ్లం. ఆ మడుల్లోకి దుప్పి పట్టపగలు, ధైర్యంగా, తన కాళ్ల మీద తను నడిచి రావాలి. అది నా పని.

వినడానికి గడ్డి పని. నిజానికి గడ్డి పని కానే కాదు.

నేను చేసిన మొదటి తప్పు

మనవాళ్లెవరైనా చేసే తప్పే. మన రైతుకు గట్టు మీద గడ్డి ఉంటే పరువు పోయినట్టు. పక్కచేను వాడు నవ్వుతాడు. పార పట్టి గట్టు గీకితేనే పంట పెట్టినట్టు. నేను చేరిన మొదటి చలికాలంలో మూడు మడుల చుట్టూ ఉన్న పొదలనూ గడ్డినీ తెగ గీకేశాను. ఒక్కడినే, పదకొండు రోజులు. చేతులు బొబ్బలెక్కాయి. పని అయ్యాక నా అందాన్ని నేనే చూసుకుని మురిశాను.

వంటింటి కిటికీలోంచి ఓబులమ్మ చూసింది. ఆమెది కడప వైపు. ఫామ్‌హౌస్‌లో వంట. అందరికీ అన్నం పెట్టే చెయ్యి, అందరికీ చురకలు పెట్టే నోరు.

"ఏమి మల్లన్నా, సేనుకు గుండు కొట్టిచ్చినావే! తిరపతి మొక్కా?"

"శుభ్రంగ ఉన్నది గదా అక్కా?"

"గుండు శుబ్రంగానే ఉంటాది. ఎండ కొడితే ఎట్లుంటాదో ఆ గుండునే అడగల్ల."

అర్బాబ్ మూడు సాయంత్రాలు మంచె ఎక్కి కూర్చున్నాడు. ఒక్క దుప్పి రాలేదు. లేత గడ్డి నోరూరిస్తూ నిలబడే ఉంది. పొద్దు పూర్తిగా పోయాక మాత్రం వచ్చి తిని పోతున్నాయి. పొద్దున పెంటికలు కనిపించేవి. నాలుగో రోజు అర్బాబ్ కిందికి దిగి, "ఈ గట్టుకు క్షౌరం చేసిందెవరు?" అని అడిగాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నేను చెయ్యెత్తాను.

ఆయన తిట్టలేదు. పక్కనున్న ఖమీస్ చాచాను చూసి, "వీణ్ణి నీకు ఇస్తున్నా" అన్నాడు.

బోర్లా పడుకుని చూసే పరీక్ష

ఖమీస్ చాచా కంచె కాపలాదారు. బలూచీ మాట్లాడే ఒమానీ. ఊరు సహం. అప్పటికే గడ్డం తెల్లబడింది. మేమిద్దరం గల్ఫ్ హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఆయన మాటలను మన తెలుగులో రాస్తాను, ఆ పొడితనం మాత్రం రాయలేను.

మరునాడు మిట్టమధ్యాహ్నం నన్ను గట్టు దగ్గరికి తీసుకుపోయాడు. "పడుకో" అన్నాడు.

"ఎక్కడ?"

"ఇక్కడే. బోర్లా. నువ్వు దుప్పివి."

"చాచా, నాకు ఇంత పొట్ట ఉంది."

"కడుపుతో ఉన్న దుప్పివి. పడుకో."

పడుకున్నాను. తను మంచె వైపు నడిచి పోయి అక్కడ నిలబడి చెయ్యూపాడు. ఆయన చెప్పుల దగ్గర్నుంచి తలపాగా దాకా నిలువెల్లా కనిపించాడు. అప్పుడు అర్థమైంది. నేను గీకిన గట్టు మీద దుప్పి పిల్లను వదిలి ఏ తల్లీ పోదు. ఏ పోతూ పగలు బయటికి రాదు. మేత ఎంత తీపిదైనా కంచం నడిబజార్లో పెడితే ఎవడు తింటాడు?

ఆ తర్వాత నేను పనికి పెట్టుకున్న ప్రతి మనిషినీ మొదటి రోజు బోర్లా పడుకోబెట్టాను. నవ్వినవాళ్లున్నారు, చొక్కా మురికవుతుందని అలిగినవాళ్లున్నారు. పడుకోనని పట్టుబట్టినవాడికి గట్టు పని ఎప్పుడూ ఇవ్వలేదు.

అంచు ఎలా పెంచాలి

ఖమీస్ చాచా చెప్పినవి, నేను పాడుచేసుకుని నేర్చుకున్నవి కలిపి చెబుతాను.

మడి అంచు గోడలా నిలబడకూడదు, మెట్లలా ఎక్కాలి. మడిని ఆనుకుని నాలుగు అడుగుల వెడల్పున కొయ్యని గడ్డి. దాని వెనక నడుమెత్తు పొదలు. అక్కడ సిద్ర్ అనేది మన రేగే. మిస్వాక్ పుల్లలిచ్చే అరాక్ పొద కూడా చిక్కగా అల్లుకుంటుంది. వాటి వెనక చెట్లు. ఘాఫ్ చెట్టును మొదటిసారి చూసి చెప్పులు విడిచాను. అది మన జమ్మే. దసరాకు దణ్ణం పెట్టే చెట్టు అక్కడ ఎడారిలో డ్యూటీ చేస్తోంది, నాలాగే. సర్కారు తుమ్మను మాత్రం రానివ్వకండి. చిక్కగా పెరుగుతుందని మొదట్లో నేనూ ముచ్చటపడ్డాను. అది పొదగా ఉండనంటుంది, మూడేళ్లలో మజ్రా అంతా తనదేనంటుంది. కొందరు మేనేజర్లు కూడా అంతే.

అంచు తిన్నగా ఉండకూడదు. రంపం పళ్లలా లోపలికీ బయటికీ పోవాలి. పొద మడిలోకి చొచ్చుకొచ్చిన మూలల దగ్గరే దుప్పి మొదటి అడుగు వేస్తుంది. ఒక అడుగు వెనక్కి వేస్తే మళ్లీ పొదలో ఉంటానన్న ధీమా దానికి ఉండాలి.

పొదను అలాగే వదిలేసినా పాడవుతుంది. ఇది చాలామందికి తెలియదు. ముదిరిన రేగు పైకి గొడుగు పట్టి కింద ఖాళీ అయిపోతుంది. పై నుంచి చూస్తే పచ్చగా ఉంటుంది, బోర్లా పడుకుని చూస్తే అవతల రోడ్డు కనిపిస్తుంది. అందుకే కొమ్మను సగం దాకా నరికి, పూర్తిగా తెగకుండా నేలకు వంచాలి. అది చావదు. పడుకునే చిగురిస్తుంది. కింద మళ్లీ చిక్కదనం వస్తుంది. ఏడాదికి మూడో వంతు మాత్రమే ఇలా చేయాలి. అదీ పిల్లలు లేచి తల్లి వెంట పరుగెత్తడం మొదలయ్యాకే. మా మందలో ఎక్కువ పిల్లలు చలి వెనకబట్టే రోజుల్లో పడేవి. ఆ రెండు నెలలు గట్టు మీద కత్తి పెట్టడం, మిషన్ పెట్టడం, చివరికి పాట పెట్టడం కూడా వద్దు.

గాలి సంగతి. బర్కాలో మధ్యాహ్నం తిరిగితే గాలి సముద్రం నుంచి వస్తుంది. మంచె కొండల వైపు ఉండాలి. మనిషి వాసన దుప్పికి తగలకూడదు. మంచె దగ్గరికి వేటగాడు వచ్చే దారి వేరే ఉండాలి, దానికి వేరే చాటు ఉండాలి. పొదలోంచి నడిచి మంచె ఎక్కేవాడు వేటగాడు కాడు, దొంగ.

అర్బాబ్‌కు ఒక నియమం ఉండేది. పొదలో ఉన్నదాని మీద గురి పెట్టకూడదు. పొద అంచున తల బయటపెట్టినదాని మీద కూడా పెట్టకూడదు. పూర్తిగా బయటికొచ్చి, మేత మీద తల వంచి, మళ్లీ ఎత్తి చుట్టూ చూసిన ముసలి పోతు మీదే. "పొద వాటి ఇల్లు, మడి వాటి కంచం" అనేవాడు. "ఇంట్లో దూరి కొట్టేవాడికి నా తుపాకీ ఇవ్వను." ఆయన అతిథుల్లో ఒకడు పొదలోకి కాల్చాడని వాణ్ణి అన్నం పెట్టకుండానే పంపేయడం నేను చూశాను. ఆ రోజు ఆ బిర్యానీ మేం తిన్నాం.

నున్నదనం జబ్బు

అర్బాబ్‌కు వయసు మీదపడింది. మోకాళ్లు పోయాయి. బౌషర్‌లో ఆసుపత్రికి దగ్గరగా ఇల్లు తీసుకుని అక్కడే ఉండిపోయాడు. మజ్రా చూసుకోవడానికి ఒక మేనేజర్‌ను పెట్టాడు. ఆయనది గోదావరి వైపు. మాట తేనె. అంతకుముందు ఏదో పెద్ద హోటల్లో తోటపని చూసేవాడట. హోటల్లో మొక్క అంటే సోఫాలాంటిది. రోజూ తుడవాలి, అతిథి మెచ్చుకోవాలి.

వచ్చిన వారం రోజులకే గట్టు మీద నిలబడి తల పట్టుకున్నాడు.

"మల్లయ్యగారూ, ఏంటండీ ఇది? అడివిలా వదిలేశారేంటండీ?"

"అడివి లెక్కనే ఉండాలె సార్. దుప్పులున్నయి గదా."

"దుప్పులకేం తెలుసండీ. చూసేవాళ్లకి బావుండాలి కదా. ఓ వరస గన్నేరు పెట్టించండి. పూలు పూస్తాయి, ఎర్రగా."

గన్నేరు! మా ఊళ్లో బర్రె కూడా దాని వంక చూడదు. ఆకు తిన్న పశువు తెల్లారేసరికి కాళ్లు బారజాపుకుని పడుంటుంది. ఆ మాట చెబితే ఆయన నవ్వి, "అయితే మరి దుప్పులు కూడా చూడవు కదండీ" అన్నాడు. తెలివైనవాడే. కరువులో ఆకలి మీదున్న దుప్పికి, కంచెలో పుట్టి అడవి మొహం చూడని దుప్పికి ఆ తెలివి ఉంటుందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడం కోసం చంపలేను. అప్పటికే దిగిన గన్నేరు మొక్కలను నేనూ సత్యమూ కలిసి గేటు బయట రోడ్డు వెంబడి నాటేశాం. నాటిన చోటు తప్పైందని సారుకు చెప్పాను. నా చదువు మీద ఆయనకున్న నమ్మకం వల్ల వెంటనే నమ్మాడు.

అప్పుడు కోపం వచ్చినా నవ్వుకున్నాను. అదే నా తప్పు. ఇలాంటివాళ్ల నుంచి తెలివితక్కువవాడిలా నటించి తప్పించుకోవడం అలవాటైంది. ఎదురుగా నిలబడి కాదనాల్సిన రోజు వచ్చేసరికి నటన తప్ప నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ రోజు

ఏడేళ్ల క్రితం, చలి వెనకబట్టే రోజులే. అర్బాబ్ కొడుకు స్నేహితులు వస్తున్నారు, పైనుంచి కెమెరా ఎగరేసి వీడియో తీస్తారు, గీత గీసినట్టు ఉండాలి అన్నాడు మేనేజర్. పడమటి గట్టు మొత్తం కొట్టేయమన్నాడు.

బ్రష్ కట్టర్ సత్యం చేతిలో పెట్టాను. అతనిది మా పక్క మండలమే. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. మిషన్ తీసుకున్నవాడు తీసుకున్నట్టే నేల మీద పెట్టాడు.

"నేను కొట్టనన్నా. పొద్దున గీ పొదలకెల్లి దుప్పి లేసింది. పిల్లున్నది లోపట."

"డ్యూటీ ఇది సత్యం."

"డ్యూటీనే. నన్ను బోర్ల పండవెట్టి నేర్పింది నువ్వే గదనే. మరి నువ్వు లేసినవా ఏంది?"

వెనక మేనేజర్ నిలబడి ఉన్నాడు. "ఏంటండీ మల్లయ్యగారూ, మీ మనిషి మీ మాట వినట్లేదా?" అన్నాడు, చాలా మర్యాదగా. నాకు రోషం వచ్చింది. ఎవరి మీద రావాలో వారి మీద రాలేదు, సత్యం మీద వచ్చింది. మిషన్ భుజానికి తగిలించుకుని నేనే మొదలుపెట్టాను.

మొదటిసారి గట్టు గీకినప్పుడు నాకు తెలియదు. రెండోసారి అంతా తెలుసు. ఈ రెండూ ఒకే చేతులు.

సగం దూరం పోయాక బ్లేడుకు మూరెడు దూరంలో ఒక పిల్ల కనిపించింది. ముడుచుకుని పడుకుని ఉంది. దుప్పి పిల్ల పారిపోదు. కదలకుండా ఉండమని తల్లి చెప్పి పోతుంది, అది అలాగే ఉంటుంది. నేను మిషన్ ఆపి, దాని చుట్టూ గంపెడు గడ్డి మాత్రం వదిలేసి మిగతాది కొట్టేశాను. అలా పిల్ల కనిపించిన ఐదు చోట్ల గంపెడు గంపెడు వదిలాను. కాపాడాననుకున్నాను. సాయంత్రం రొట్టె తింటూ ఓబులమ్మకు గొప్పగా చెప్పాను కూడా.

ఆమె రొట్టె కాలుస్తూ ఆగింది. "అంతా బోడి సేసి, ఒగొగ సోట కుచ్చు పెట్టొచ్చినావా? పిల్ల ఈడుండాదని బోర్డు రాసి పెట్టినట్టా?"

మరునాడు పొద్దున తెలిసింది. కంచె కింద వాగు పోయే చోట ఒక గండి ఉండేది. ఊరకుక్కలు అందులోంచి ఎప్పుడూ వచ్చేవి. వచ్చి, తిరిగి, ఏమీ దొరక్క పోయేవి. గట్టు చిక్కగా ఉన్నన్నాళ్లూ అంతే. ఆ రోజు వాటికి వెతికే పని లేదు. నున్నటి గట్టు మీద నేను వదిలిన కుచ్చుల దగ్గరికి నేరుగా పోయాయి. ఐదు కుచ్చులు. ఐదు పిల్లలు. తల్లులు ఆ బోడి నేల మీద నిలబడి పిలుస్తూనే ఉన్నాయి. దుప్పి అరుపు మీలో విన్నవాళ్లుంటే ఇక నేను చెప్పక్కర్లేదు.

గుర్తు లేదు

అర్బాబ్ బౌషర్ నుంచి వచ్చాడు. కర్ర పట్టుకుని గట్టు దాకా నడిచాడు. మేనేజర్ ముందే మాట సిద్ధం చేసుకున్నాడు. కంచె కాపలా ఖమీస్‌ది, గండి పడితే చెప్పలేదు, కుక్కలు దూరాయి. గట్టు కూలీలెవరో తెలియక కొట్టేశారు.

నిజం ఏమిటంటే, ఆ గండికి ఇనుప జాలీ కావాలని ఖమీస్ చాచా రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. మేనేజర్ "చూద్దాం" అన్నాడు. గట్టు కొట్టకపోతే ఆ గండి వల్ల ఏమీ అయ్యేది కాదన్నది ఇంకో నిజం.

ఖమీస్ చాచా ఒకటే మాట అన్నాడు. "చెప్పాను. వీడు విన్నాడు." నా వైపు వేలు చూపించాడు.

అర్బాబ్ నన్ను అడిగాడు. "మల్లయ్యా, ఖమీస్ చెప్పాడా?"

నా వెనక మేనేజర్ ఉన్నాడు. నా వీసా రెన్యువల్ కాగితాలు ఆయన బల్ల మీద ఉన్నాయి. పైగా, గండి సంగతి తేలితే గట్టు సంగతి వస్తుంది. గట్టు కొట్టిందెవరన్నది వస్తుంది.

"నాకు గుర్తు లేదు అర్బాబ్" అన్నాను.

ఖమీస్ చాచా తలపాగా సర్దుకుని కంచె వైపు నడిచిపోయాడు. ఆ వారమే ఆయన్ను సహం పంపేశారు. పోయేటప్పుడు వంటింటి దగ్గర ఆగి ఓబులమ్మకు సలాం చెప్పాడు, సత్యానికి చెప్పాడు. నేను పంపు దగ్గర ఉన్నాను. అక్కడికి రాలేదు.

గుర్తు లేదట! ఇరవై ఏడేళ్ల నాడు నా పొట్ట కింద నలిగిన గడ్డి వాసన గుర్తుంది. అర్బాబ్ అతిథి వదిలిపోయిన బిర్యానీ రుచి గుర్తుంది. ఓబులమ్మ వేసిన చురకలు ఒక్కటి పోకుండా గుర్తున్నాయి. ఆ ఒక్క సంగతి మాత్రం గుర్తు లేకపోయింది.

మేనేజర్ మీద నాకున్న కోపం చిన్నది కాదు. చిక్కగా ఉన్నదాన్ని చూస్తే చెయ్యి దురద పుట్టే మనుషులందరి మీదా ఉంది. చెట్టును చూసి ఎంత ఎత్తో చెబుతారు, దాని కింద ఏం పడుకుని ఉందో అడగరు. పైనుంచి తీసిన వీడియోలో దుప్పి పిల్ల కనిపించదు కాబట్టి అది లేదంటారు. కనిపించకపోవడమే దాని బతుకు అన్న బుద్ధి వాళ్లకు లేదు. అయినా ఆయన మిషన్ పట్టలేదు. ఆయన అబద్ధం ఆయన చెప్పుకున్నాడు. దానికి సాక్షి సంతకం నాది. ఆ తర్వాత నేను ఇంకో నాలుగేళ్లు పని చేశాను. గట్టు మళ్లీ పెంచాను, గండికి జాలీ బిగించాను. పదవీ విరమణ రోజు అర్బాబ్ నా భుజం తట్టి, "నమ్మకస్తుడివి" అన్నాడు. ఏటా ఒక డబ్బా ఖర్జూరం ఎవరో ఒకరితో పంపుతూనే ఉన్నాడు. తింటూనే ఉన్నాను.

ఐతారానికి ముందు

సత్యానికి నేను ఏం చెప్పాలి? "కొట్టకు" అనడం తేలిక. ఊళ్లో చల్లగా కూర్చుని ధైర్యం పంచిపెట్టడానికి ఖర్చేం లేదు. ఏడేళ్ల కింద అతను ఆ ధైర్యం తనంత తానే చేశాడు. నేను మిషన్ లాక్కున్నాను. ఇప్పుడు అతను కొట్టనంటే మేనేజర్ ఇంకొకడి చేతికి ఇస్తాడు. నాలాంటివాడు ఎప్పుడూ ఒకడు దొరుకుతాడు.

మేనేజర్ మాట కాదనగలిగేది అర్బాబ్ ఒక్కడే. అర్బాబ్ దగ్గర మేనేజర్ మాట చెల్లుతున్నది నా "గుర్తు లేదు" మీదే.

శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక ఆయన ఇంట్లో ఉండే వేళ చూసి ఫోన్ చేశాను. గొంతు బాగా పలచబడింది. "మల్లయ్యా! ఖర్జూరం అందిందా?" అన్నాడు. అది పోయినేటి మాట.

"అర్బాబ్, నాకు గుర్తుంది" అన్నాను.

"ఏది?"

చెప్పాను. జాలీ అడిగిన రెండు రోజులూ చెప్పాను. గట్టు ఎవరు కొట్టమన్నారో, ఎవరు కొట్టారో చెప్పాను. కుచ్చుల సంగతి చెప్పాను. ఐతారం మళ్లీ ఏం జరగబోతోందో చెప్పాను. అయిపోయాక, "ఎప్పట్నుంచి గుర్తుంది?" అని అడిగాడు.

"ఆ రోజు నుంచే."

ఫోన్ పెట్టేశాడు.

ఐతారం సాయంత్రం సత్యం ఫోన్ వచ్చింది. గట్టు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. మిషన్ గది తాళంచెవి అర్బాబ్ డ్రైవర్ వచ్చి తీసుకుపోయాడు. మేనేజర్‌ను బౌషర్ పిలిపించారు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు, నేను అడగలేదు కూడా.

ఈసారి మజ్రాలో ఖర్జూరం కోతలు అయిపోయాయి. బర్కా నుంచి మా మండలం మనిషి ఒకతను ఊరికి వచ్చిపోయాడు. ఖర్జూరం డబ్బా రాలేదు.

కొత్తగా మజ్రాలకు పోయేవాళ్లకు చివరిగా చెప్పేది ఒకటే. గట్టు గీకమన్నవాడు ఎప్పుడూ మర్యాదగానే అడుగుతాడు. ముందు బోర్లా పడుకుని చూడండి, ఆ తర్వాత జవాబు చెప్పండి. చూసింది ఎవరైనా అడిగితే గుర్తుందనండి.

నిన్న సత్యం మళ్లీ ఫోన్ చేశాడు. అర్బాబ్ కారు సహం పోయి ఖమీస్ చాచాను తీసుకొచ్చిందట. రెండు పక్కలా ఇద్దరు పట్టుకుంటే తప్ప నడవలేకపోతున్నాడట. అయినా పడమటి గట్టు దగ్గరికి పోయి, వద్దంటున్నా వినకుండా, ఆ వయసులో బోర్లా పడుకుని చాలాసేపు చూశాడట.

"నన్ను అడిగాడా?" అన్నాను.

"గడ్డి మంచిగ పెరిగిందన్నడన్నా" అన్నాడు సత్యం.